మంత్రిగారి తల

అబ్దుల్ వహాబ్‌ను ఏ ఊరూ తనవాడనుకోలేదు. అరవై తొమ్మిదిలో హైదరాబాదు ఆంధ్రావాడని తరిమింది. తెనాలి హైదరాబాదోడని వెక్కిరించింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

1973 డిసెంబరు, తెనాలి. వహాబ్ సిమెంటుతో చేసిన పాత మంత్రిగారి విగ్రహానికి తెల్లారేసరికి తల లేదు.

దాన్ని చేయించిన నాయకుడు పాండురంగారావు స్టేషన్‌కొచ్చి అరిచాడు.

"వహాబ్ పనేనయ్యా! పెద్దమనిషి తలను బోల్టు మీద బిగించిన వెధవ!"

"ఆ బోల్టు సంగతి మీద మీరిచ్చిన కంప్లయింటుకే నిన్న సాయంత్రం అతన్ని లాకప్‌లో పెట్టామండి," అన్నాడు ఎస్సై సుందరయ్య.

"అయితే వాడి మనుషులు."

వహాబ్ ఊచలు పట్టుకున్నాడు. "సార్, రేపల్లెలో మా అమ్మ పోయిందని పొద్దున కబురొచ్చింది. నాలుగింటికి అసర్ నమాజు కాగానే మట్టి చేస్తారు. మాలో ఆపరు. పంపండి సార్."

"తల దొరికేదాకా వదలొద్దన్నారు డీఎస్పీగారు. నీ మనుషులెవరు?"

"మనుషులుంటే ఇట్లా ఎందుకుంటాను?"

"బోల్టు దేనికి?"

"గవర్నమెంటు మారితే తల ఒక్కటీ మార్చుకుంటారని. ఎగతాళి సార్."

సుందరయ్య నిచ్చెనెక్కి చూశాడు. మెడలో బోల్టు. దాని మరలకు దెబ్బ లేదు. సిమెంటుకు గీత లేదు. వహాబ్ పనిచేసే షెడ్డుకెళ్లి, అక్కడి నట్టు తెచ్చి కుడికి తిప్పాడు. ఎక్కలేదు. ఎడమకు తిప్పాడు. ఎక్కింది.

మధ్యాహ్నం రెండింటికి స్టేషన్‌కు తిరిగొచ్చాడు.

"ఈ ఎడమ మర సంగతి ఎవరికి చూపించావ్?"

"పాండురంగారావుగారొక్కరికే."

నాయకుణ్ణి పిలిపించాడు.

"ఏ మూతైనా ఎడమకు తిప్పి తీస్తామండి. ఈ తల అట్లా తిప్పితే ఇంకా బిగుస్తుంది. తెలియనివాడు సుత్తి పట్టేవాడు. మెడ పగిలేది. తెలిసింది ఇద్దరికి. ఒకడు నా లాకప్‌లో ఉన్నాడు."

పాండురంగారావు నవ్వాడు.

"మొన్న కొత్త మంత్రి పక్షంలో చేరానయ్యా. పాతాయన మెళ్లో దండేస్తే నా గతేంటి? తల మా గోడౌన్‌లో ఉంది. నా పేరు రాసుకో, చూద్దాం."

సుందరయ్య డీఎస్పీకి ఫోన్ చేశాడు.

"తల దొరికిందిగా, మూసెయ్. ఆయన పేరు రాయకు. ఆ వహాబ్‌ని చీకటి పడ్డాక వదులు. ఇప్పుడే వదిలితే ఊరంతా చెప్తాడు."

"తల్లి శవం సార్—"

ఫోన్ పెట్టేశారు.

తాళాలు సుందరయ్య జేబులోనే ఉన్నాయి. వహాబ్ పిలిచాడు. బతిమాలాడు. తిట్టాడు. తర్వాత పిలవడం మానేశాడు.

చీకటి పడ్డాక సుందరయ్య తలుపు తీశాడు. వహాబ్ లేవలేదు.

"ఎక్కడికెళ్లమంటారు సార్?"

ఆ కేసు ఎలా పట్టావని తర్వాత చాలామంది అడిగారు.

"ఆ మాట నా దగ్గర ఎత్తొద్దు," అన్నాడు సుందరయ్య. బతికున్నన్నాళ్లూ ఎత్తనివ్వలేదు.