పుస్తకాల ఇంట్లో ఒడిబియ్యం

పూలబండి వచ్చేసరికే ప్రమోదిని కొంగు నడుముకు చెక్కుకుని బంగళా మెట్ల మీద నిలబడి ఉంది. మెట్‌పల్లిలో జలపతిరావు గారి బంగళా అంటే ఇప్పుడు గ్రంథాలయం, మ్యూజియం. ముందు గదుల నిండా తెలుగు, ఉర్దూ పుస్తకాలు. వెనక వైపు పాత పల్లకీ, తూకపు రాళ్లు, ఇత్తడి దీపాలు, ఒకప్పటి వంటిల్లు వంటిల్లులాగే. భార్య పోయాక పెద్దాయన ఇంటిని ఊరికి ఇచ్చేసి, కొడుకు, కోడలితో పక్క వీధిలోకి మారాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గాని, ఇంటిని మ్యూజియం చేసి చూడు అని ఎవరూ అనలేదు.

పైకప్పు కారడం మొదలయ్యాక కోడలు ప్రమోదినే పూనుకుంది. పై హాలులో సితారు కచేరీలు, పుస్తకావిష్కరణలు, నిశ్చితార్థాలు జరిపించసాగింది. డీజే ఉండదు, ప్లాస్టిక్ ఉండదు. ఆ దీపాల వెలుగులో ఎంత గొంతున్నవాళ్లయినా మెల్లగా మాట్లాడతారు. ఆమె పేరు కరీంనగర్ దాకా పాకింది.

ఈరోజు కార్యం మాత్రం బయటివాళ్లది కాదు. ఆడబిడ్డ మధులికకు ఒడిబియ్యం. మధులిక కూతురికి పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు పెళ్లికూతురి తల్లికి పుట్టింటివాళ్లు పసుపు బియ్యంతో ఒడి నింపాలి. అవ్వ అని పిలుచుకునే తల్లి పోయి, ఇల్లు పుస్తకాలపాలయ్యాక మధులిక లక్సెట్టిపేట నుంచి వచ్చి ఈ గడప తొక్కింది లేదు. ఎన్నిసార్లు పిలిచినా "చూస్తం తియ్యి" అనేది. ఈసారి వస్తానంది. అసలే ఆడబిడ్డ అర్ధమొగుడు, అందులోనూ అలిగిన ఆడబిడ్డ. ప్రమోదిని తనకొచ్చిన విద్యంతా చూపించింది. వేదిక, మఖ్మల్ కుర్చీ, తెల్లపూల తోరణాలు, సన్నాయి. ఈ రోజు కూడా మధులిక మనసు విరిగితే ఇక ఈ ఇంటికి రాదని ఆమెకు లోపల భయంగానే ఉంది.

కారు ఆగింది. ప్రమోదిని భర్త సంతోష్‌రావు చెల్లెలికి ఎదురు వెళ్లాడు.

"బావ రాలేదారా మధూ?"

"పగటీలికి వస్తడు." మధులిక అన్న వైపు చూడకుండా నేరుగా ప్రమోదిని దగ్గరికి వచ్చి ఫోను ముందుకు చాపింది. "వదినా, గిది నువ్వే పంపినవా?"

ప్రమోదిని చూసింది. *అతిథులకు మనవి. పసుపు, కుంకుమ, బియ్యం లోపల చల్లరాదు. ప్రదర్శన వస్తువులను తాకరాదు. సమయానికి హాలు ఖాళీ చేయగలరు.* హాలు తీసుకున్న ప్రతివాళ్లకూ పోయే మెసేజి అది. నిన్న ముహూర్తం వేళ పంపుతూ, చెయ్యి అలవాటుగా దాన్ని కూడా పంపేసింది.

"అలవాట్ల పోయింది మధూ. అందరికి పంపుతా గద."

"గదే అంటున్న. నేను గూడ అందర్ల ఒకదాన్నే అన్నట్టు."

సంతోష్‌రావు ఏదో సర్దబోయాడు. మధులిక వినలేదు. చరచరా మెట్లెక్కి హాలు చూసింది. పూలు చూసింది, కుర్చీ చూసింది.

"కుర్సీల కూసుండి ఎవరన్న ఒడి పడ్తరా వదినా? పీట మీద కూసుంటరు. గిది నా తల్లిగారిల్లా, నేను కిరాయికొచ్చిన పార్టీనా?"

అంతవరకూ ఓర్చుకున్న ప్రమోదినికి కళ్లు మండాయి. "ఎంత మాటన్నవ్ మధూ. వానకు మీ అవ్వ గది కారుతుంటె బకెట్లు పెట్టుకుంట తిరిగింది నేను. ఎవరిదో లగ్గంల అక్షింతలు అల్మారాల కింద పడితె ఎలుకలు జేరి బాపు ఉర్దూ పుస్తకాలన్ని కొరికినయి. గా మాటలు ఊకె రాయలే. నేను పట్టుకోకుంటె గీ ఇల్లు ఎన్నడో కూలేది."

"నిలబెట్టినవ్, నేను కాదంటలే." మధులిక మెట్ల వైపు తిరిగింది. "నిలబెట్టినవు గని, నాకేం మిగిలింది? ఊరోళ్లందరు వచ్చి మా అవ్వ గదిల ఫోటోలు దిగుతరు. నేనొస్తె తాకొద్దంటవ్. మా ఆయనకు ఫోన్ జేసి రావద్దని చెప్త. నాకు ఒడి వద్దు, ఏం వద్దు."

ఆమె వెనక మెట్ల మీదుగా కిందికి దిగిపోయింది. ప్రమోదిని, సంతోష్‌రావు వెనకే పరుగెత్తారు. వాకిలి వైపు పోతున్న మధులిక పాత వంటింటి ముందు ఆగిపోయింది. గుమ్మానికి అడ్డంగా ఎర్రతాడు. లోపల మూలన పెద్ద బియ్యం కుండ. అందులోంచి కొలిచిన బియ్యంతోనే తల్లి ఆమెకు మొదటిసారి ఒడి నింపింది. మధులిక తాడు మీదుగా వంగి చెయ్యి చాపింది. కుండ పక్కన 'తాకవద్దు' అన్న అట్ట కనబడింది. చెప్పగానే వినే పిల్లలాగా ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ వెనక్కి వచ్చిన చెయ్యిని ప్రమోదిని చూసింది. ఇన్నాళ్లూ ఇంటిని కాపాడుతున్నాననుకుంది. ఎవరి నుంచి కాపాడుతోందో ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు.

చదువుకునే గదిలో బల్ల దగ్గర కూర్చున్న జలపతిరావు కర్ర పట్టుకుని లేచి వచ్చాడు. "బిడ్డా, ఇల్లు పుస్తకాలకిచ్చిన. నిన్నడగకుండ ఇచ్చిన, తప్పు నాది. అవ్వ లేని ఇంట్ల ఉండబుద్ధి గాలే నాకు. గని నిన్ను ఇచ్చెయ్యలే."

మధులిక బావురుమంది. "గీ ముక్క గప్పుడే చెప్పరాదా బాపు."

ప్రమోదిని ఎర్రతాడు కొక్కెం నుంచి తీసి చుట్టచుట్టి పక్కన పడేసింది. అట్ట తీసి మొగుడి చేతిలో పెట్టింది. "పైనున్న బియ్యం, కొబ్బరి కుడుకలు, చీరె అన్ని కిందికి తెప్పించు. సన్నాయోళ్లను వాకిట్ల కూసోమను." తర్వాత ఆడబిడ్డ వైపు తిరిగింది. "నీకు మర్యాద జేస్తున్ననుకున్న మధూ. ఆడబిడ్డకు మర్యాద జేస్తె పరాయిదాన్ని జేసినట్టేనని నాకు తెల్వలే."

మధ్యాహ్నానికి మధులిక భర్త వచ్చాడు. గాజు పెట్టెలోంచి అత్తగారి పీట బయటికి వచ్చింది. పసుపు కలిపిన బియ్యం ముందు ఆ కుండలో పోసి, మళ్లీ దాంట్లోంచే తీసి ఒడిలో పోశారు. అన్నావదినలు దోసిళ్లతో నింపుతుంటే మధులిక కొంగు పట్టుకుని తండ్రి వైపే చూస్తూ కూర్చుంది. లేచాక, పుట్టిల్లు చల్లగా ఉండాలని ఒడిలోంచి అయిదు పిడికిళ్లు తీసి కుండలో వేసింది. మ్యూజియం అయ్యాక ఆ కుండలో గింజ మిగలడం అదే మొదలు.

అందరూ భోజనాలకు కదిలారు. ప్రమోదిని వెనక్కి తిరిగి చూస్తే, మధులిక ఒడి ఒక చేత్తో పట్టుకుని, పట్టుచీరతో నేల మీద మోకరిల్లి, చెదిరిన గింజలు ఏరుతోంది.

"నువ్వు లే మధూ, నేను ఊడుస్త."

"ఊడిస్తె సందుల్లకు పోతయి వదినా. ఎలుకలొస్తె బాపు పుస్తకాలు ఏంగావాలె?"

ప్రమోదిని నవ్వబోయి ఏడ్చేసింది. ఏడుస్తూనే ఆమె పక్కన కూలబడి, తనూ గింజలు ఏరసాగింది.