మంచు దారిలో చివరి బండి

మా అక్క ఉల్రికా జనవరి పదహారో తేదీ, మంగళవారం పోయింది. ఆమెకు నేను, నాకు ఆమె. అంతే మా కుటుంబం. సెలవులన్నీ ఆమె క్యాంపర్ వ్యాన్‌లోనే తిరిగాం. ఒక్క దారి మిగిలిపోయింది. స్వీడన్‌లోని మా ఊరి నుంచి ఫిన్లాండ్ మీదుగా, నార్వే ఉత్తరపు కొసన సముద్రం దాకా. దాన్ని మ్యాపు మీద పెన్సిల్‌తో గీసిపెట్టింది.

మార్చిలో బడికి రెండు వారాలు సెలవు పెట్టి, ఆమె వ్యాన్‌లోనే బయలుదేరాను.

చివరి కొండ కింద దారికి అడ్డంగా గేటు వేసి ఉంది. చలికాలంలో అక్కడ ఎవరినీ ఒంటరిగా వదలరు. ముందు మంచు తోసే బండి, వెనక వరసగా మేము, అందరికంటే చివర పసుపు లైటు వేసుకుని కాపలా జీపు. ముందున్న బండి ఎర్ర లైటును వదలకుండా వెళ్లాలి. మొదటి రోజే, మంచు గాలిలో, నాకు లైటు తప్పిపోయింది. చూద్దామని దిగాను.

వెనక నుంచి ఒకమ్మాయి వచ్చి నా కోటు పట్టుకుని లాగింది.

"బండి దిగొద్దని గేటు దగ్గర చెప్పానా, లేదా?"

"చెప్పారు. ఏమీ కనపడక..."

"కనపడకపోతే లోపల కూర్చోవాలి! రెండడుగులేస్తే మీ బండే మీకు కనపడదు. ఏం చేస్తుంటారు మీరు?"

"టీచర్ని."

"ఖర్మ! పిల్లలకి మాట వినమని చెప్పేది మీరేనా?"

ఆమె పేరు సున్నివ. ఆ జీపు నడిపేది ఆమే.

కొండ దాటి, అవతలి గేటు దగ్గర ఆగాను. అక్కడి నుంచి సముద్రం పావుగంట. వ్యాన్ తిప్పి తిరుగు వరసలో నిలబెట్టాను. మర్నాడూ అంతే.

మూడో రోజు ఆమె నా కిటికీ అద్దం మీద కొట్టింది. "మాస్టారూ, పోవడం, రావడం. స్వీడన్‌లో డీజిల్ ఊరికే పోస్తున్నారా?"

"దారి బాగుంది."

"మంచు తప్ప ఏం కనపడిందండీ మీకు?"

నాలుగో రోజు ఇంట్లో చేసిన వాఫుల్స్ తెచ్చింది. ఐదో రోజు నా వ్యాన్‌లో కూర్చుని, కాఫీ కప్పులోకి చూస్తూ అడిగింది.

"గేటు దగ్గర అందరూ నన్ను ఏడిపిస్తున్నారు. ఆ మాస్టారు నీకోసమే తిరుగుతున్నాడని. నిజమేనా?"

వ్యాన్‌లోని చిన్న పొయ్యి ఆపి, అక్క గురించి చెప్పాను. పెన్సిల్ గీత గురించి చెప్పాను.

"సముద్రం చేరితే ఆమె అనుకున్న ప్రయాణం అయిపోతుంది. ఇక ఆమెతో వెళ్లాల్సిన చోటంటూ ఉండదు."

సున్నివ చెవుల దాకా ఎర్రబడింది. "అయితే నాకోసం కాదన్నమాట. వెర్రిదాన్ని," అంటూ టోపీ కిందికి లాక్కుంది.

నేను ఆమె కప్పు అందుకుని కడగడం మొదలుపెట్టాను. ఆమె తలుపు దాకా వెళ్లి ఆగింది.

"రేపు నాకు సెలవు. పక్కన కూర్చుంటా. ఈసారి తిప్పకండి."

మర్నాడు జీపులో వేరొకరు ఉన్నారు. ముందు లైటు మసకబారినప్పుడల్లా సున్నివ "అదిగో, అదిగో" అంటూ వచ్చింది. అవతలి గేటు దగ్గర నా చేతులు స్టీరింగ్ తిప్పబోయాయి. ఆమె ముందున్న దారినే చూస్తూ కూర్చుంది. నేరుగా పోనిచ్చాను.

సముద్రం బూడిదరంగులో ఉంది. చేపలు ఎండబెట్టే కర్రల పక్కన వ్యాన్ ఆపాను. నేను ఏడ్చాను. ఆమె తన చేతి తొడుగులు తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇక్కడి నుంచి ఎక్కడికి?"

"బడికి. సోమవారం."

తల ఊపింది.

ఇది జరిగి ఏడు వారాలైంది. సున్నివ రెండు ఉత్తరాలు రాసింది. రెండింటికీ మా ఊరి వాతావరణం గురించి జవాబు రాశాను. నాలుగో రోజు నుంచి నేను కొండెక్కింది ఆమె కోసమేనని ఇంకా రాయలేదు.