టాలో వీధిలో నిండు జగ్గు

"ఆగండాగండి! నా పెనాల్టీ స్పాట్ మీద ఆ మేకు ఏంటండీ?"

నా అరుపుకి పార్కులో పావురాలన్నీ లేచిపోయాయి. ఆ అమ్మాయి మాత్రం లేవలేదు. చినుకుల్లో తడుస్తూ, మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తితో ఇంకో రెండు దెబ్బలు వేసి అప్పుడు తాపీగా తలెత్తింది.

"పెనాల్టీ స్పాటా? ఇది మిసెస్ ఓగ్డెన్ గారి వంటిల్లు."

"ఏ ఓగ్డెన్?"

"టాలో స్ట్రీట్, పదిహేడో నంబరు. మీరు సరిగ్గా ఆవిడ పొయ్యి మీద నిలబడ్డారు. కాస్త జరుగుతారా?"

చెప్పొద్దూ, జరిగాను. గీతల విషయంలో ఎవరి మాటా వినని నేను, లేని పొయ్యికి దారిచ్చి పక్కకి జరిగాను.

నా పేరు ఆల్ఫీ ట్రాంటర్. ఇంగ్లండ్‌లో సాల్ఫర్డ్ కౌన్సిల్ పార్కుల్లో గడ్డి కోసి, ఫుట్‌బాల్ మైదానాలకి తెల్లగీతలు గీసే ఉద్యోగం. మా ఊళ్ళో ఎవరినైనా అడగండి, గీతంటే ఆల్ఫీ గీతే అంటారు. నోటితో మాత్రం అంత తిన్నగా మాట్లాడలేను. ముఖ్యంగా తడిసిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని, సుత్తి పట్టుకుని నవ్వే అమ్మాయిలతో.

ఆ అమ్మాయి పేరు గ్వెన్. వేల్స్ పిల్ల. మా ఊరి లైబ్రరీలో ఆరు నెలల ఉద్యోగానికి వచ్చిందట. ప్లాస్టిక్ సంచీలోంచి ఓ పాత మ్యాప్ తీసి నా ముఖం మీద పెట్టింది.

"కిల్న్ బ్యాంక్ పేట. ఇరవై మూడు వీధులు, పంతొమ్మిది పబ్బులు. అన్నీ ఇక్కడే."

"ఈ గడ్డిలోనా?"

"గడ్డి కింద."

నేను చుట్టూ చూశాను. ఓ పక్క కొత్త గాజు అపార్ట్‌మెంట్లు, మరో పక్క కాఫీ షాపు, మధ్యలో నా మైదానం. మా నానమ్మ పుట్టింది కిల్న్ బ్యాంక్‌లోనని తెలుసు. దాన్ని కూల్చి టవర్లు కట్టారనీ, ఆ టవర్లనీ కూల్చి పార్కు చేశారనీ తెలుసు. కానీ పదేళ్ళుగా నేను గీతలు గీస్తున్నది నా వాళ్ళ ఇళ్ళ మీదని ఒక్కరోజూ తట్టలేదు. ఎందుకో బూట్లు విప్పాలనిపించింది.

"జూన్ ఆఖరి శనివారం ఆ పేట వాళ్ళంతా ఇక్కడ కలుస్తారు," అంది గ్వెన్. "మిగిలినవాళ్ళు. వాళ్ళు వచ్చేసరికి వీధులు ఉండాలి. మీ దగ్గర గీతలు గీసే బండి ఉందట కదా?"

"అది ఫుట్‌బాల్‌కండీ. వీధులకి కాదు."

"ఓహో. వీధులు చేతకావా?"

అంతే. అక్కడ దొరికిపోయాను.

లీగ్ మ్యాచ్‌లు అయిపోయాక మా పని మొదలైంది. ఆమె టేపు పట్టుకునేది, నేను బండి తోసేవాణ్ణి. వారం తిరిగేసరికి మీరు పోయి నువ్వు వచ్చింది. గీసిందంతా వాన కడిగేసేది. మళ్ళీ గీసేవాళ్ళం.

"మీ ఊరి మేఘాలకి వేరే పని లేదా?"

"నీకంటే బుద్ధిగా పనిచేస్తున్నాయి. నువ్వొచ్చినప్పట్నుంచీ టేపు వదిలేసి నా బండి వంకే చూస్తున్నావు."

"బండి వంకే చూస్తున్నాననుకుంటున్నావా?" అని, తను తిరిగి మ్యాప్‌లోకి వంగింది.

ఆ రోజు నేను గీసిన గీత జీవితంలో మొదటిసారి వంకర పోయింది.

ఓ ఆదివారం గ్వెన్‌ని మా నానమ్మ దగ్గరకి తీసుకెళ్ళాను. విన్నీ ట్రాంటర్, ఎనభై ఒక్కేళ్ళు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. నన్నూ గ్వెన్‌నీ ఒకసారి ఎగాదిగా చూసి, లోపల్నుంచి మంచి కప్పులు తెచ్చింది. నాకు తెలిసి ఆ కప్పులు మా తాతయ్య అంత్యక్రియల రోజు తర్వాత బయటికి రాలేదు.

"పబ్బులన్నీ గుర్తున్నాయా అమ్మమ్మా?" అని గ్వెన్ అడిగిందో లేదో, నానమ్మ కళ్ళు మూసుకుని పంతొమ్మిదీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది, ఏ పబ్బు పక్కన ఏ వీధో, ఏ వీధి చివర ఏ పబ్బో. గ్వెన్ పెన్సిల్ గాల్లోనే ఆగిపోయింది.

"మా మూల మీదది వీవర్స్ ఆర్మ్స్. మాది టాలో వీధిలో పద్నాలుగో నంబరు. రోజూ సాయంత్రం నాన్నకి బీరు తెచ్చే పని నాది. ఇంటి నుంచి నూట పన్నెండు అడుగులు." నానమ్మ అల్మరా మీదున్న నీలం అంచు తెల్ల జగ్గు చూపించింది. "ఇదిగో, దీంతోనే. వీళ్ళ తాత స్టాన్ అక్కడ బీరు పోసేవాడు. మూడు నెలలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఈ ట్రాంటర్లకి నోట్లో నాలుక ఉండదులే."

గ్వెన్ నావైపు చూసి నవ్వాపుకుంది.

"మరి ఎలా తెలిసింది?"

"కొలత ఎక్కువ పోసేవాడు. ఇష్టమైన వాళ్ళకి నాలుగు చుక్కలు ఎక్కువ పోయడం అక్కడ మామూలే. కానీ ఇతను అంచుదాకా పోసేసేవాడు. పిల్ల నడవాలా వద్దా! ఇష్టంలేని పిల్లయితే కాలిబాట దిగేచోట ఆ ఎక్కువ పోసిన బీరు మోరీలోకి వంపేసి చక్కా పోయేది. అబ్బాయికి అదే జవాబు."

"మీరు వంపేశారా?"

"నూట పన్నెండు అడుగులూ ఊపిరి బిగబట్టి నడిచాను. ఒక్క చుక్క పోనివ్వలేదు. ఇంటికొచ్చాక మా నాన్న జగ్గులోకి చూశాడు, నా ముఖంలోకి చూశాడు. ఆదివారం భోజనానికి పిలవమన్నాడు."

గ్వెన్ లేచి వెళ్ళి ఆ జగ్గు అంచు వేలితో తడిమింది.

"శనివారం రావాలి నానమ్మా. నీ వీధి గీశాను," అన్నాను.

"గడ్డి చూడ్డానికి నేనెందుకురా? ఆ ఇళ్ళు కూలగొట్టిన రోజు అటు వెళ్ళనని ఒట్టేసుకున్నాను. పో."

గ్వెన్ బాత్రూమ్‌కి వెళ్ళగానే నానమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్లతో చెప్పావా?"

"ఏంటి?"

"ఏంటట! ఉద్యోగం ఎప్పటిదాకా?"

"శనివారమే ఆఖరు. సాయంత్రం ఆరూ పది రైలుబండికి వేల్స్ వెళ్ళిపోతుంది."

"అయితే ఆరూ పది లోపల చెప్పు. లేకపోతే జీవితాంతం గడ్డి కోసుకో."

శనివారం వచ్చింది. తాడో పేడో తేల్చుకోవాల్సిన రోజు. పొద్దుటి నుంచీ సన్నటి తుంపర. ఇరవై మూడు వీధులూ పచ్చగడ్డి మీద తెల్లగా మెరుస్తున్నాయి. గ్వెన్ ప్రతి పబ్బు చోటా ఓ పలక మీద పేరు రాసి నిలబెట్టింది. ఆమె సూట్‌కేసు మా పనిముట్ల షెడ్డులో ఉంది. అటు చూడకుండా తిరుగుతున్నాను.

"గ్వెన్, నేను..."

"ఊఁ?"

"...ఆ తాడు ఇలా అందుకో."

ఛీ, నా బతుకు!

పదకొండింటికి ముసలివాళ్ళు రావడం మొదలైంది. చేతికర్రలతో, చక్రాల కుర్చీల్లో, మనవల భుజాలు పట్టుకుని. ఎనభై మంది దాకా ఉంటారు. కాసేపు అంచున నిలబడి చూశారు. తర్వాత ఒక్కొక్కరూ లోపలికి నడిచారు.

అప్పుడు నేను చూసినది ఎప్పటికీ మర్చిపోను.

ఎవరూ గీత దాటలేదు. అది ఖాళీ మైదానం. అడ్డంగా నడిస్తే అడిగే నాథుడు లేడు. అయినా ఎనభై మందిలో ఒక్కరంటే ఒక్కరు గోడ దాటలేదు. వీధుల్లోంచే నడిచారు, మూలల దగ్గర తిరిగారు. ఓ పెద్దాయన ఓ ఇంటి ముందాగి గాలిలో తలుపు తట్టాడు. ఇంకో ముసలావిడ గుమ్మం దగ్గర బూట్లు గడ్డికి రాసుకుని లోపలికెళ్ళి, అక్కడే నిలబడి ఏడ్చింది. "ఏమ్మా ఎడ్నా, టీ పెట్టావా?" అని పక్క వీధిలోంచి ఎవరో కేకేశారు. "ఏభై ఏళ్ళ కిందట పెట్టాను, ఈపాటికి చల్లారుంటుంది!" అని జవాబు వచ్చింది.

నేను గీసింది సున్నం గీతలు. వాళ్ళకి అక్కడ ఇటుకలు కనిపిస్తున్నాయి.

"ఆల్ఫీ," అంటూ గ్వెన్ నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఇదంతా మనమే చేశామా?"

"మనం గీశాం. ఊరు వాళ్ళే తెచ్చుకున్నారు," అన్నాను. అంత మంచి మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. కానీ చెప్పాల్సిన మాట అది కాదు.

మధ్యాహ్నం నాలుగు దాటాక పార్కు గేటు దగ్గర ఓ టాక్సీ ఆగింది. మా నానమ్మ దిగింది. ఆదివారం కోటు, తలకి స్కార్ఫ్, చేతిలో నీలం అంచు జగ్గు.

తిన్నగా పద్నాలుగో నంబరు గుమ్మం ముందుకి వచ్చి వెనక్కి తిరిగింది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. వీధి పొడుగునా అడుగులో అడుగు వేసుకుంటూ వీవర్స్ ఆర్మ్స్ దాకా వెళ్ళి, తలుపు దాటిపోయి, మూల తిరిగి, పక్క గోడ ముందు ఆగింది. అక్కడేమీ లేదు. ఉత్త గోడ గీత. జగ్గు చాచి నిలబడింది.

జనం గుసగుసలు మొదలుపెట్టారు. "పాపం విన్నీ. జ్ఞాపకం తప్పినట్టుంది."

నా ప్రాణం ఉసూరుమంది. పరుగున వెళ్ళి భుజం పట్టుకున్నాను. "నానమ్మా, తలుపు ఇటు. ముందువైపు. మ్యాప్‌లో చూసే గీశాం."

"మ్యాప్ గీసినవాడు మగాడై ఉంటాడు," అంది నానమ్మ, కదలకుండా. "ఆ తలుపు మగాళ్ళది. దాంట్లోంచి నేను ఒక్కనాడూ వెళ్ళలేదు. మా ఆడపిల్లల కిటికీ ఇక్కడ. జగ్గు ఇక్కడ ఇస్తే లోపల్నుంచి నింపి ఇచ్చేవాళ్ళు. నూట పన్నెండో అడుగు ఇదేరా."

నేను నోరు తెరిచేలోగా ఎడ్నా వచ్చి మా నానమ్మ వెనకాల నిలబడింది. చేతిలో ఏమీ లేదు, కానీ జగ్గు పట్టుకున్నట్టే పట్టుకుంది. ఆవిడ వెనక ఇంకొకావిడ. ఆ తర్వాత చక్రాల కుర్చీలో మరొకావిడ. చూస్తుండగా పదకొండు మంది ముసలమ్మలు ఆ ఉత్త గోడ ముందు వరసగా నిలబడిపోయారు, అందరూ ఒకే చోటుకి ఎదురుగా. గ్వెన్ కళ్ళనిండా నీళ్ళు.

"ఆరు వారాలు వెతికాను," అంది మెల్లగా. "ఏ కాగితంలోనూ ఈ కిటికీ లేదు ఆల్ఫీ."

నేను బండి తెచ్చాను. నానమ్మ జగ్గుకి ఎదురుగా గోడ గీతని బూటుతో రెండడుగులు చెరిపేసి, అక్కడ కిటికీ గీశాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏ గీతా గీయలేదు. ఎవరి మనవడో పండగకని తెచ్చిన బీరు పీపాని లోపలికి దొర్లించాం.

"మరి పోసేవాడు ఎక్కడా?" అని నానమ్మ కసిరింది. "ట్రాంటర్ లేకుండా వీవర్స్ ఎప్పుడు తెరిచారు?"

ముందు తలుపులోంచి లోపలికి వెళ్ళాను. నానమ్మ జగ్గు నింపాను. ఆ తర్వాత ఎడ్నాకి, మిగతావాళ్ళకి, ఏది దొరికితే అందులో, గ్లాసుల్లో, టీ కప్పుల్లో. ఒక్కొక్కరూ తీసుకుని ఎవరి ఇంటికి వాళ్ళు నడిచి వెళ్ళారు.

వరస చివర గ్వెన్ నిలబడి ఉంది. చేతిలో టీ తాగే మగ్గు. గడియారం అయిదూ ఇరవై.

నోరు తెరిచాను. మాట పెగల్లేదు. ఆమె చూస్తోంది, నేను చూస్తున్నాను, తుంపర పడుతోంది.

మగ్గు తీసుకున్నాను. పోశాను. చాలు అనే చోటు దాటాను. అంచు దాకా పోశాను. ఇంకో చుక్క వేస్తే పొంగిపోయేదాకా పోశాను. రెండు చేతులతో ఆమెకి అందించాను.

గ్వెన్ మగ్గులోకి చూసింది. నవ్వలేదు. మెల్లగా వెనక్కి తిరిగింది.

ఒక అడుగు. ఇంకో అడుగు. గుమ్మాల్లో ముసలివాళ్ళంతా గుటకలు మింగుతూ చూస్తున్నారు. కాలిబాట దిగేచోటు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. మోరీ గీత సరిగ్గా ఆమె కాళ్ళ ముందు ఉంది, నేను స్వయంగా గీసిందే. ఎందుకు గీశానురా దేవుడా అనుకున్నాను.

గ్వెన్ తల తిప్పి ఒక్కసారి నావైపు చూసింది. తర్వాత ఊపిరి బిగబట్టి, పసిపిల్లని ఎత్తుకున్నంత జాగ్రత్తగా, ఆ గీత దాటింది.

టాలో వీధి పొడుగునా నడిచి పద్నాలుగో నంబరు ముందు ఆగింది. నానమ్మ గుమ్మంలో నిలబడి మగ్గులోకి చూసింది. ఆమె ముఖంలోకి చూసింది.

"చుక్క పోలేదురోయ్!" అని కేక పెట్టింది.

ఇరవై మూడు వీధులూ ఒక్కసారిగా ఈలలు వేశాయి.

"ఆరూ పది బండి..." అంటోంది గ్వెన్, ఏడుస్తూ నవ్వుతూ.

"రేపూ ఉంటుంది బండి. ఆదివారం భోజనం చేసి వెళ్దువుగాని. గుమ్మంలో నిలబడతావేంటే పిల్లా, లోపలికి రా."

గ్వెన్ బూట్లు గడ్డికి రాసుకుని లోపలికి వెళ్ళింది.

కిటికీ దూకి వాళ్ళ దగ్గరకి అడ్డంగా పరిగెడితే సగం దూరమే. నా వల్ల కాలేదు. వెనక్కి తిరిగి, ముందు తలుపులోంచి బయటికొచ్చి, టాలో వీధిలోంచి పరిగెత్తాను. నూట పన్నెండు అడుగుల్లో ఒక్కటి కూడా నాకు గుర్తులేదు.

గుమ్మం దాకా వచ్చేసరికి నానమ్మ గొంతు వినిపించింది.

"కాళ్ళు తుడుచుకుని రారా!"