కోడు చివర ఎన్

"మనింటికి పోలీసులొస్తారే హెలెద్, చూస్తూ ఉండు. వీధి వీధంతా కిటికీ తెరలు పక్కకి లాగి చూస్తుంది."

కెటిల్‌లో నీళ్ళింకా మరగనే లేదు. సముద్రం మీంచి వచ్చిన మంచు ఇంకా పెరట్లోంచి కదలలేదు. కైన్వెన్ ఆ నెల పేస్లిప్పు పట్టుకుని, కోర్టువాళ్ళు పంపిన కాగితమేదో చదువుతున్నట్టు వంటింటి మధ్యలో నిలబడి ఉంది. వృద్ధుల హోంలో లాండ్రీ పని ఆమెది. ఏప్రిల్ నుంచి పని గంటలు పెంచుకుంది. పెంచుకోగానే జీతంలోంచి పన్ను కోశారు. ఆమెకి పన్ను పడడం చాలా ఏళ్ళ తర్వాత ఇదే మొదటిసారి. అంటే ఇన్నాళ్ళూ ఎగ్గొట్టిందని కదా వాళ్ళు పసిగట్టింది? ఇంకేముంది?

హెలెద్ టోస్టు మీద వెన్న రాస్తోంది. మందుల షాపులో ఆమెకి ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. తల కూడా ఎత్తలేదు.

"పోయినవారం గ్యాసు పేలిపోతుందన్నావు. అంతకుముందు నా పుట్టుమచ్చ కాన్సరన్నావు. ఈ వారం పోలీసులా?"

"నవ్వు, నవ్వు. జైలుకి తిండి తెచ్చేది నువ్వే."

"బారా బ్రిత్ రొట్టె ముక్కలు కోసి తెస్తాలే. ముందు ఆ కాగితం మీద నీ పన్ను కోడు సరిగ్గా ఉందో లేదో చూసుకున్నావా?"

"చూశాను. ఆ కాగితంలో సరిగ్గా ఉన్నది అదొక్కటే." కైన్వెన్ కాస్త గర్వంగా కళ్ళజోడు సర్దుకుంది. "సి, పదకొండు ముప్ఫై ఒకటి, ఎన్. సి అంటే నేను. ఎన్ అంటే నికొలస్. నా పేరు, మన ఇంటిపేరు. మధ్యలోది ఏదో నంబరు."

కైన్వెన్ అని పలికినా, రాసేటప్పుడు ఆ పేరు సి తోనే మొదలవుతుంది. పేస్లిప్పు మీద ఆ రెండక్షరాలూ కనిపిస్తే చాలు, ఎక్కడో ఒక ఆఫీసులో తనని పేరుతో గుర్తుపెట్టుకున్నారని ఆమెకి ధైర్యంగా ఉండేది.

హెలెద్ చేతిలో కత్తి పక్కన పెట్టేసి, బల్ల మీద తల వాల్చి మరీ నవ్వింది. "అమ్మా! సి అంటే కమ్రి. మన భాషలో మన దేశం పేరు! వేల్స్‌లో ఉన్నవాళ్ళందరికీ సి యే. పక్కింటి బ్రిన్‌కి కూడా సి యే."

"బ్రిన్‌కి బి కదా ఉండాలి?"

"అదేగా నేను చెప్పేది!"

కైన్వెన్‌కి కూడా నవ్వొచ్చింది. తన పేరనుకున్నది దేశమంతటిదీ అయినందుకు కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా. "సరే, సి పోయింది. మరి ఎన్?"

హెలెద్ నవ్వు ఆగిపోయింది. టోస్టు ముక్క కంచంలో అటూ ఇటూ జరిపింది.

"ఏడాదికి ఇంతవరకూ సంపాదిస్తే పన్ను లేదని ప్రతి మనిషికీ ఒక మినహాయింపు ఉంటుంది. నీకప్పుడు సంపాదన తక్కువ కదా, నీ మినహాయింపులో పదోవంతు నాన్నకి ఇచ్చేశావు. భర్తకో భార్యకో అలా ఇవ్వొచ్చు. ఇచ్చినవాళ్ళకి చివర ఎన్ పెడతారు. గుర్తులేదా? ఈ బల్ల దగ్గరే కూచుని నాన్నే అన్నీ నింపాడు, నువ్వు పక్కన కూచుని దొంగలెవరైనా చూస్తారేమోనని తెర వేశావు."

గుర్తొచ్చింది. తెర వేసింది గుర్తొచ్చింది, భర్త గెథిన్ మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డదీ గుర్తొచ్చింది. ఆ తర్వాత అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. గెథిన్‌కి రాత్రిపూట బ్రెడ్డు వ్యాను నడిపే పని దొరికింది. వ్యాన్ల డిపోకి దగ్గరని పెంబ్రే ఊళ్ళో వాళ్ళన్నయ్య ఇంట్లో కొన్నాళ్ళుంటానని వెళ్ళాడు. ఆ కొన్నాళ్ళు రెండేళ్ళయ్యాయి. పొమ్మని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు.

"తీసెయ్యమను," అంది హెలెద్. ఇప్పుడామె గొంతు షాపులో పొగరుబోతు కస్టమరుతో మాట్లాడే గొంతులా ఉంది. "ఇల్లు వదిలి పోయినవాడికి నువ్వెందుకు వాటా పంచాలి? క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు, 'నాన్న' అని ఒక్క ముక్క రాసి. ఇవాళే ఫోన్ చెయ్."

"తీసేస్తే ఆయనకి పన్ను పెరుగుతుంది. పెరిగితే ఇంకో రాత్రి డ్యూటీ ఒప్పుకుంటాడు. ఆ మంచులో కళ్ళు మూతపడి, ఏ లారీ కిందో..."

"అదిగో!" హెలెద్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఇందుకే! ఇందుకే ఆయన వెళ్ళిపోయాడు!"

కెటిల్ టక్కుమని ఆగింది. ఇద్దరూ ఆ శబ్దం వైపే చూశారు.

"ఏమన్నావు?"

"ఏం లేదు."

"అనేశావుగా. పూర్తిగా చెప్పు."

హెలెద్ ముఖం ఎర్రబడింది. "నాన్నే అన్నాడు నాతో, వెళ్ళిన కొత్తలో. 'మీ అమ్మ రోజూ పొద్దున్నే నన్ను గోతిలో పెట్టి పూడ్చి, సాయంత్రం ఇంటికొస్తే తవ్వి తీస్తుందే. ఎన్నిసార్లని చావను?' అన్నాడు. నీకు చెప్పకూడదనుకున్నాను."

కైన్వెన్ కప్పుల్లో టీ పోసింది. ఒక్క చుక్క కూడా బయట పడనివ్వలేదు. నిచ్చెన ఎక్కకు, వాన్లో వెళ్ళకు, ఆ దగ్గు చూపించుకో, ఫోన్ ఎత్తలేదంటే ఏదో అయ్యిందనుకున్నాను... అదంతా ప్రేమే అనుకుంది. అవతలివాడికి అది గొయ్యి అయింది. ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూ కూచుంటే ఈ రెండేళ్ళలాగే మరో రెండేళ్ళు గడిచిపోతాయని ఆ నిమిషంలో ఆమెకి తెలిసింది.

"ఆ పన్ను ఆఫీసు నంబరు కలిపివ్వు," అంది.

పన్ను ఆఫీసు ఫోన్‌లో పాట చాలాసేపు వాయించింది. చివరికి ఉత్తర వేల్స్ యాసలో ఒకమ్మాయి పలికింది. సగం మాటలు కైన్వెన్ రెండోసారి అడిగి చెప్పించుకోవాల్సి వచ్చింది.

"మీరేమీ ఎగ్గొట్టలేదండీ. గంటలు పెరిగాయి కాబట్టి పన్ను పడింది, అంతే. జైలా? అబ్బే!" అవతల చిన్న నవ్వు. "ఇక ఎన్ సంగతంటారా, మీరింకా భార్యాభర్తలేనా?"

"కాగితం మీద అవును."

"కాగితం మీద ఉంటే కోడు సరైనదే. వద్దనుకుంటే చెప్పండి, వచ్చే ఏప్రిల్ నుంచి తీసేస్తాం. తీసెయ్యమంటారా?"

"నేను అడుగుతున్నది అది కాదమ్మా. అది సరిగ్గా ఉందా, తప్పుగా ఉందా?"

"అది మీరే చెప్పాలండీ," అంది ఆ పిల్ల మెల్లగా.

కైన్వెన్ ఫోన్ పెట్టేసి కోటు తొడుక్కుంది. పెంబ్రే దాకా తోడొస్తానంది హెలెద్. వద్దంది. ఈ మంచులో బస్సు ఎలా నడుస్తుందో అని నోటిదాకా వచ్చింది. మఫ్లరుతో పాటు ఆ మాటని కూడా బిగించి కట్టుకుని బయల్దేరింది.

బస్సు దిగి సందు తిరిగేసరికి ఆమె ఉన్నచోటే ఆగిపోయింది. మంచు విడిపోయింది గాని ఇల్లంతా తడిగానే ఉంది. గెథిన్ వాళ్ళన్న ఇంటి కప్పు అంచున, నిచ్చెన చిట్టచివరి మెట్ల మీద నిలబడి, నీళ్ళ గొట్టంలో ఇరుక్కున్న ఆకులు పెరికి కింద పడేస్తున్నాడు. కింద పట్టుకునేవాళ్ళు లేరు. పడిపోతావు, దిగు దిగు అని ఒళ్ళంతా అరిచింది. నోరు మాత్రం అరవలేదు. ఆమె నడిచి వెళ్ళి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని నిలబడింది.

నిచ్చెన కదలడం ఆగిపోయేసరికి గెథిన్ కిందికి చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

"కైన్? ఎవరు పోయారు? హెలెద్‌కేమైనా అయ్యిందా?"

"ఎవరూ పోలేదు. ఇప్పుడు నువ్వే పూడ్చేస్తున్నావు అందర్నీ. నా పన్ను కోడు గురించి వచ్చాను."

"పన్ను కోడా?"

చెప్పింది. సి అంటే తన పేరనుకున్నదీ, ఎన్ అంటే ఇంటిపేరనుకున్నదీ దాచకుండా చెప్పింది. గెథిన్ పైన నవ్వితే నిచ్చెన ఊగింది. నవ్వు సగంలోనే ఆగింది.

"నాదాంట్లో చివర ఎమ్ ఉంటుంది," అన్నాడు, చేతిలో ఆకుల ముద్ద అలాగే పట్టుకుని. "తీసుకున్నవాళ్ళకి అది పెడతారు. జీతం వచ్చినప్పుడల్లా ముందు అదే చూసేవాణ్ణి. ఉందా, పోయిందా అని. ఉన్నంతకాలం కైన్ నన్ను తీసెయ్యలేదులే అనుకునేవాణ్ణి." ఆకులు కింద పడేశాడు. "అయితే నువ్వు ఉంచింది కాదన్నమాట. నీకు తెలీక ఉండిపోయింది."

ఆ మాటకి కైన్వెన్ కళ్ళు నిండిపోయాయి. కాదు, తెలిసే ఉంచాను అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆడలేదు.

"తెలీదు. అందుకే తెలిశాక అడగడానికి వచ్చాను. కోడు సరిగ్గా ఉందో లేదో నేనే చెప్పాలట. ఒక్కదాన్నే ఎలా చెప్పను? నువ్వు వెళ్ళిపోయినట్టయితే వెళ్ళిపోయానని చెప్పు, సాయంత్రమే ఫోన్ చేసి తీయించేస్తాను. నా జీతం నాకొస్తోంది, నేనేం పడిపోను. వెళ్ళిపోలేదంటావా, ఇంటికి రా. ఈ మధ్యలో వేలాడడం మాత్రం ఇక నావల్ల కాదు."

అతను గొట్టంలోంచి ఇంకో ఆకుల ముద్ద పెరికాడు.

"నాకు భయం పోతుందని మాటివ్వను. పోదు. ఇప్పుడు కూడా చచ్చేంత భయంగానే ఉంది. కానీ నువ్వు పైనుండగా ఒక్కసారైనా దిగమన్నానా?"

ఇంటి వెనక నుంచి కార్మార్తెన్ వెళ్ళే రైలు దడదడలాడుతూ పోయింది. పోయాక సీగల్ పక్షుల అరుపులు వినిపించాయి, అవీ దూరమయ్యాయి. గొట్టంలోంచి నీటి చుక్కలు ఆమె కోటు భుజం మీద పడుతున్నాయి. జరగలేదు. తల ఎత్తి చూస్తే బతిమాలినట్టుంటుందని చూడలేదు కూడా. ఎదురుగా ఉన్న మెట్టు మీద అతని బూట్ల మట్టినే చూస్తూ నిలబడింది. చేతులు కొయ్యబారిపోయాయి. ఇక జవాబు రాదు, వెళ్ళిపోవాలి, అయితే ఇతను దిగేదాకా ఆగి వెళ్ళాలి అనుకుంది.

"ఎన్ ఉండనీ, కైన్," అన్నాడు గెథిన్ పైనుంచి, గొంతు సరిచేసుకుని. "నిచ్చెన గట్టిగా పట్టుకో. దిగుతున్నాను."