ముసుర్లో ఆరిన అప్పడాలు

"అది అమ్మేశారండి," అన్నారెవరో వెనక నుంచి.

ఆశాజ్యోతి తల తిప్పలేదు. సామర్లకోట స్టేషను దగ్గర పాత ఇనుప సామాన్ల కొట్టు. రేకుల మీద వాన దడదడలాడుతోంది. ఊటీలో దొరల కాలం నాటి బంగళా ఒకటి పడగొడితే, తలుపులూ కిటికీ ఊచలతో పాటు లారీలో దిగిన పోత ఇనుప రేడియేటర్ అది, వేణ్ణీళ్ళు పారించి గదిని వెచ్చబెట్టేది. నడుమెత్తున, ఒళ్ళంతా పూలతీగల నగిషీతో ఉంది. ఆమె రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.

"ఎవరికమ్మారండి?"

"నాకే. పొద్దున్న ఫోన్ చేసి చెప్పాను."

"మీరు ఫోన్ చేశారు. నేను మనిషినే వచ్చాను."

అప్పుడు తిరిగి చూసింది. తడిసిన జుట్టు, తెల్ల చొక్కా, తగువులోకి దిగాలో వద్దో తెలియని మొహం. పేరు పాపారాజట.

"మీ వయసుకి ఆ పేరేంటండి?"

"తాతగారిదండి. నవ్వుకోండి, నాకలవాటే."

ఆమె పెదవి బిగించుకుంది. "దీన్నేం చేస్తారు?"

"పట్టిసీమ దగ్గర మా నాన్నగారికి రిసార్టుంది. బంగారం రంగేసి రిసెప్షన్లో పెడతాం. పైన పూలకుండీలు."

"వేడి పుట్టించే వస్తువు మీద పూలకుండీలా?"

"గోదావరి జిల్లాలో వేడెవరిక్కావాలండి?"

"నా అప్పడాలకి," అంది ఆశాజ్యోతి.

కొట్టతను ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టీ తాగొస్తానని జారుకున్నాడు.

ఆమెకి ఇంటి వెనక అప్పడాల షెడ్డుంది. పేటలో ఆడవాళ్ళంతా అక్కడే ఒత్తుతారు. ముసురు పడితే ఎండుండదు, ఎండ లేకపోతే పనుండదు. అందుకని కిందటేడు ఒక గది కట్టించి, గోడల అడుగున పట్టీల్లాంటి కరెంటు హీటర్లు పెట్టించింది. కాళ్ళు వెచ్చబడేవి, ట్రేలు తడిగానే ఉండేవి. చేసిన సరుకంతా బూజు పట్టింది. "వానాకాలం అందరూ మానేసేదేనమ్మా," అన్నాడు వాళ్ళ నాన్న శాంతికుమార్ మాస్టారు. ఆ 'అందరూ' అన్న మాటే ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది.

ఇదంతా ఆమె చెప్పాక పాపారాజు తల గోక్కున్నాడు. "ఇది పని చెయ్యకపోతే నాకిచ్చేస్తారా?"

"చేస్తుంది."

"చెయ్యకపోతే అంటున్నా."

"మీరే వచ్చి చూసుకోండి."

అన్నంత పనీ చేశాడు. మర్నాడు రేడియేటర్ షెడ్డుకి చేరేసరికి రిసార్టు ప్లంబర్ని వెంటేసుకొచ్చాడు. బయట ఊక పొయ్యి మీద నీళ్ళ డ్రమ్ము, అక్కడి నుంచి గొట్టం, చిన్న మోటారు. పాత హీటర్లన్నీ పీకేశారు. సాయంత్రానికి రేడియేటర్ అడుగు భాగం కాలుతోంది, పైభాగం చల్లగానే ఉంది.

"దొరగారికి సగం జ్వరం, సగం చలి," అంది అప్పడాలొత్తే లోవమ్మ. ఆడవాళ్ళంతా పాపారాజు వైపే చూసి నవ్వారు.

"లోపల గాలి చిక్కుకుందేమో," అంటూ అతను పైనున్న చిన్న మర తిప్పాడు. బుస్సుమని గాలి పోయింది. వెనకే తుప్పు నీళ్ళు ఎగజిమ్మి తెల్ల చొక్కా కాస్తా ఎర్రమట్టి రంగుకి తిరిగింది. ఆశాజ్యోతి అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా బయటికొచ్చేసింది. అతను మొహం తుడుచుకోవడం మర్చిపోయి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

ఆ రాత్రంతా వాన కురిసింది. తెల్లారి అప్పడం తీసి విరిస్తే ఫట్‌మంది.

ఆ తర్వాత కూడా పాపారాజు వస్తూనే ఉన్నాడు.

"పని చేస్తోందో లేదో చూడ్డానికొచ్చానండి."

"నిన్ననే చూశారుగా."

"నిన్న సంగతి వేరండి, ఇవాళ వాన ఎక్కువుంది."

ఒకరోజు ఆ వెచ్చటి గదిలో ట్రేలు తిప్పుతూ అన్నాడు. "నిజం చెప్పాలంటే నాకు అప్పడాలంటే అంత ఇష్టం లేదండి."

"తెలుసు."

"మరి రానిస్తున్నారేం?"

ఆమె ట్రే దించి, అతని కళ్ళలోకి చూసింది. "మీరు రాని రోజు నాకు బాగుండట్లేదు కాబట్టి."

సంగతి పాపారాజు వాళ్ళ నాన్న శ్రీనివాసరాజుగారి చెవిన పడింది. పాపారాజు రావడం ఆగిపోయింది. ఒక మెసేజ్ మాత్రం వచ్చింది. "నాన్నగారు ఒప్పుకోవట్లేదు. కొంచెం టైమివ్వండి."

ఆమె టైమివ్వలేదు. చెప్పులేసుకుంది.

"వాళ్ళు భీమవరం రాజులు, మనం లూథరన్ చర్చివాళ్ళం," అన్నాడు మాస్టారు గుమ్మంలో అడ్డం నిలబడి. "ఆడపిల్లవి, నువ్వెళ్ళి అడగడమేంటమ్మా?"

"అడక్కపోతే వాళ్ళు కాదన్నదే ఖాయమైపోతుంది నాన్నా."

ఆయన గుమ్మం వదిలి గొడుగు అందించాడు.

రాజమండ్రి దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. గాలికి గొడుగు తిరగబడింది. రిసార్టుకి చేరేసరికి ఆమె ఒంటి మీద పొడి నూలుపోగు లేదు. శ్రీనివాసరాజుగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు.

"నా పేరు ఆశాజ్యోతండి. మీ అబ్బాయిని అడగడానికొచ్చాను."

ఆయన పేపరు మడిచారు. "మా ఇళ్ళలో ఆడపిల్లలు ఇలా వచ్చి అడగరు."

"మా ఇళ్ళలోనూ అడగరండి. చాలా భయపడుతూనే వచ్చాను."

"మతం మారమంటావా మావాణ్ణి?"

"లేదండి. నన్నూ మీరు మారమనకూడదు. ఆయన గుడికెళ్తారు, నేను చర్చికెళ్తాను. అన్నం ఒకచోట తింటాం."

లోపల్నుంచి పాపారాజు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మొహం పాలిపోయింది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "టైమడిగి తప్పు చేశాను నాన్నగారూ. నేను ఆవిణ్ణే చేసుకుంటాను. మీరు పొమ్మంటే పోతాను, మానెయ్యమంటే మాత్రం మానను."

గోదారి మీద వాన తెరలు తెరలుగా సాగిపోతోంది.

"నేనింకా ఒప్పుకోలేదు," అన్నారు శ్రీనివాసరాజుగారు.

"అయితే రేపు మళ్ళీ వస్తానండి," అంది ఆశాజ్యోతి.

"ఎల్లుండి?"

"ఎల్లుండీ వస్తాను."

శ్రీనివాసరాజుగారి మీసం కింద ఏదో కదిలింది. నవ్వో, విసుగో తెలియలేదు. ఆయన లోపలికి తిరిగి భార్యని కేకేశారు. "నీలవేణీ, ఒక పొడి తువ్వాలు పట్రా. ఈ అమ్మాయికి అన్నం కూడా పెట్టు. వాళ్ళ నాన్నగారికి ఫోన్ చెయ్యాలి, ఇంత వానలో పిల్లని ఒంటరిగా ఎలా పంపారో కనుక్కుంటాను."