తూకాల గదిలో కర్రకస్తూరి

ఆ సెంటు ఫ్యాక్టరీలో తూకాల గదికి మంచి పేరు లేదు. చీకటి పడితే ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లరు. మగవాళ్లు వెళ్తారు గానీ, ఈల వేసుకుంటూ వెళ్తారు. ఇదంతా అక్కడ పనిచేసే మా పిన్ని చెప్పింది. పిన్నికి కోతలు కోసే అలవాటు లేదు.

పిన్ని కంటే ముందు అక్కడ తూకాలు వేసినావిడ ఒకరోజు త్రాసు ముందే కుప్పకూలి చనిపోయింది. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఉండేది కర్రకస్తూరి, సెంటుల్లో కలిపే సరుకు — మృగం నుంచి తీసింది కాదు, మందులు కలిపి తయారుచేసింది. కాస్త చెక్క వాసన, కాస్త ఒంటి వాసన... బట్టకి పట్టిందంటే ఉతికినా వదలదు. ఆవిడ జుట్టూ, బట్టలూ అదే వాసన.

ఆవిడ భర్తే అక్కడ రాత్రి వాచ్‌మన్. పిన్ని ఆయన్ని బాబాయి అనేది. భార్య పోయాక ఆయన రోజూ రాత్రి ఆ గదిలో, ఆవిడ కుర్చీ పక్కన కాసేపు కూర్చునేవాడు.

"వచ్చిందమ్మా..." అనేవాడు గుసగుసగా. "వాసన తెలియట్లా?"

తెలిసేది. రెండో షిఫ్టులో ఉండే పిన్ని భయపడుతూనే తలూపేది. ఆ మనిషి బతుకుతున్నదే ఆ కాసేపటి కోసం.

ఇక సూపర్‌వైజర్. వాడి ఎకసెక్కాలకి అంతూ పొంతూ లేదు. ఒక రాత్రి బాబాయిని అందరి ముందూ నిలబెట్టాడు.

"నీ పెళ్ళాం రావట్లేదయ్యా పిచ్చోడా. రోజూ ఆ కుర్చీకి నాలుగు చుక్కలు పూస్తున్నది నేను." చేతిలో డబ్బా ఆడించాడు. "ఇదిగో నీ పెళ్ళాం. ఇంటికి పట్టుకుపో."

జనం పడీపడీ నవ్వారు. బాబాయి డబ్బా వైపు చూశాడు... టార్చి, తాళాల గుత్తి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

పిన్నికి కడుపు మండిపోయింది. డబ్బా లాక్కుని మూత తీసింది.

ఏ వాసనా లేదు.

అది సెంటుని పలచన చేసే నూనె. కర్రకస్తూరికీ దీనికీ ఒకే రకం డబ్బాలు, జిడ్డుకి లేబుళ్లు ఎప్పుడో ఊడిపోయాయి. మూత తీసి, వాసన చూసి వాడుకోవడమే అక్కడి పద్ధతి.

"సార్... ఇన్నాళ్లూ పూసింది ఇదేనా?"

"అదే. కర్రకస్తూరి."

"వాసన చూశారా?"

వాడి మొహం పాలిపోయింది. కొందరి ముక్కుకి కర్రకస్తూరి అసలు అందదు, పుట్టుకతోనే అంత. సెంటు ఫ్యాక్టరీలో ఆ సంగతి బయటపడితే పరువు పోతుందని ఇన్నేళ్లూ దాచాడు మహానుభావుడు.

మరి కుర్చీ దగ్గర రోజూ వచ్చిన ఆ వాసన...?

పొద్దున్నే పిన్ని బాబాయి ఇంటికి పరుగెత్తింది. జరిగిందంతా చెప్పింది — నీ భార్య నిజంగానే వస్తోంది బాబాయీ అని. ఆయన తలుపు సగమే తీశాడు.

"చాలమ్మా. నవ్వుకున్నారుగా... ఇంకా ఎందుకు?"

పిన్ని నవ్వలేదు. రాత్రి జనం నవ్వినప్పుడూ నవ్వలేదు; ఆ మాట చెప్పేలోపే తలుపు మూసుకుంది. ఆయన మళ్లీ ఆ గది గడప తొక్కలేదు.

ఆవిడ మాత్రం రావడం మానలేదు. ముందు కుర్చీ దగ్గర... తర్వాత గదంతా... ఎవర్నో వెతుక్కుంటున్నట్టు.

ఇప్పుడు సూపర్‌వైజర్ రాత్రిపూట ఆ గది గుమ్మంలోనే ఆగిపోతాడు. ముక్కు ఎగబీలుస్తాడు. లాభం లేదు. పిన్నిని గుసగుసగా అడుగుతాడు —

"ఇప్పుడుందా?"

"ఉంది సార్. మీ వెనకే."

నాకు నవ్వాగలేదు. "బాగానే ఏడిపిస్తున్నావు పిన్నీ. అబద్ధమేగా?"

పిన్ని నవ్వలేదు.

"మొదటి రోజు అబద్ధమే చెప్పాను" అంది.