ముప్పై ఆరు గంటల డ్యూటీ

ఆ దీవి పట్నంలో మిడిల్ పాయింట్ అనే పేటలో, రేషన్ షాపు మీది గదికి ఆ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చిన మనిషిని చూసి అక్కడ కేసుల పని నేర్చుకుంటున్న యిర్మియా చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆమె చీర మోకాళ్ల దాకా నెత్తురు. వానకి తడిసి ఆ నెత్తురు మెట్ల పొడుగునా చారలు కట్టింది.

"జ్ఞానయ్యగారంటే మీరేనా అండీ? మా ముసలాయన్ని నరికేశారు. పోలీసులకి ఫోను చేశారు. ఈ దయావతే, నేనే నరికానని చెప్పేశారు. నేను నిద్రపోయానండీ. నేను చేసిన తప్పు అదొక్కటే."

జ్ఞానయ్య హార్బర్‌లో ముప్పై ఏళ్లు సరుకు దొంగల్ని పట్టి, రిటైరయ్యాక సొంతంగా కేసులు చూస్తున్న మనిషి. తొందరన్నది ఆయన ఒంట్లో లేదు. స్టూలు ఆమె ముందుకు జరిపాడు.

"కూర్చో అమ్మా. మొదట్నించి చెప్పు."

ఆమె ఆస్టినాబాద్‌లో ఒక ప్రైవేటు వృద్ధుల ఇంట్లో ఆయా. మంచం పట్టిన ఆరుగురికి ఇద్దరు ఆయాలు ఉండేవారు. ఆ జీతంతో బియ్యమే రావడం లేదని రెండోది పోయిన నెల మానేసింది. ఆ రోజు నుంచి ఆరుగురూ ఈవిడ నెత్తినే పడ్డారు.

"నిన్న తెల్లారగట్ల ఎక్కిన డ్యూటీ అండీ. రిలీఫ్ లేదు. శేషయ్యగారికి పొలమారితే ఊపిరాడదు. అందుకని కన్నంటుకునేలా ఉంటే మంచం పక్కనే కింద పడుకుని, పాత చీర పేలిక ఒక కొస నా కాలికి, ఇంకో కొస ఆయన చేతికి కట్టుకుంటాను. ఆయన కదిలితే లేస్తాను. ఇవాళ నాకేం తెలీలేదు. మొహం మీద చుక్కలు పడతంటే మెలకువొచ్చింది. కప్పు కారతందనుకున్నాను."

యిర్మియా గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇక్కడే ఉంటే పారిపోయిందంటారు. పద, వెనక్కెళ్దాం," అన్నాడు జ్ఞానయ్య.

శేషయ్య అటవీ శాఖలో గుమాస్తాగా చేసి, పక్షవాతం వచ్చి రెండేళ్లుగా ఆ మంచం మీదే ఉన్నాడు. ఇప్పుడు మంచం మీద ఉన్నదాన్ని చూడటానికి యిర్మియా గుండె రాయి చేసుకోవలసి వచ్చింది. కొబ్బరికాయలు కొట్టే కత్తితో తల రెండుగా చీల్చారు. మెడ మీద ఇంకో రెండు దెబ్బలు. కుడి అరచెయ్యి ఎముక దాకా తెగి వేలాడుతోంది. ఎడమ చెయ్యి పొట్ట మీద ఉంది. పేలిక ఆ మణికట్టుకే కట్టి ఉంది. పరుపు మోయలేక వదిలేసిన నెత్తురు ఇంకా నేల మీదికి బొట్లు బొట్లుగా పడుతోంది.

ఇన్‌స్పెక్టర్ ఏలీయా దయావతి రెక్క పట్టుకున్నాడు.

"దేఖో జ్ఞానయ్య భయ్యా. పేలిక కట్టే ఉంది. ఇంకెవడు వేసినా ముసలాడు గింజుకుంటాడు, ఈవిడ లేస్తాది. లేవలేదంటే వేసింది ఈవిడే. పొద్దున్న సెలవు కోసం ఓనరుతో జగడం కూడా అయ్యింది. కేస్ ఖతం."

"ఒక్క గంట ఇవ్వు, తమ్ముడూ."

జ్ఞానయ్య వంగి, పెన్సిల్‌తో ఆ పేలికని కొంచెం ఎత్తాడు. దాని కింద చర్మం మీద నెత్తురు చుక్కలు ఎండి ఉన్నాయి. యిర్మియాని వంగి చూడమన్నాడు. యిర్మియాకి చూడటమైతే అయింది, అర్థం మాత్రం కాలేదు.

వంటింట్లో వంటమనిషి గవరమ్మ గోడకి చేరగిలబడి ఏడుస్తోంది. ఆ కత్తి ఆ వంటింటి గుమ్మం దగ్గరిదే.

"పదకొండింటికి శేషయ్యగారికి జావ పట్టుకెళ్లానండి. పిల్లని లేపకు, ఓ గంట పడుకోనీ అన్నాడు. నా కళ్లముందే పళ్లతో ముడి లాక్కుని ఊడదీసేశాడు. పేలిక పక్క మీద పడేశాడు. దాని మీద అంత దయండి ఆయనకి."

వండూర్ జెట్టీలో బోటు నడిపే మల్లేశు శేషయ్యకి మేనల్లుడు. కబురంది అప్పటికే వచ్చి ఉన్నాడు. మామ ఇంటిస్థలం అతనికే వస్తుంది.

"కత్తి నేనెత్తానంటారా? ఆదివారం ఆదివారం నేనే గెడ్డం గీసేది. నొప్పెడితే ఆ కుడిచేత్తోనే నా చెవి మెలేసేవాడు," అని తల దించుకున్నాడు.

జ్ఞానయ్య అందర్నీ ముందు గదిలోకి పిలిపించాడు. కన్నారావు తెల్ల చొక్కాతో కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఇంటి యజమాని ఆయనే.

"ఓనరుగారూ, శేషయ్యని ఎప్పుడు చూశారు?"

"చేర్చుకున్న రోజు మంచం కాళ్ల దగ్గర నిలబడి చూశా. మళ్లీ ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. ఆ కంపు నేను భరించలేను. దానికేగా ఆయాలున్నది."

"రేపు లేబరాఫీసు వాళ్లు వస్తున్నారంట. ఆయాల డ్యూటీ గురించి శేషయ్య ఏమన్నా రాసిస్తానన్నాడా?"

కన్నారావు నవ్వాడు. "ఏం రాస్తాడండీ? కుడి చెయ్యే పడిపోయిన మనిషి."

మల్లేశు తల ఎత్తాడు. గవరమ్మ ఏడుపు ఆగిపోయింది.

జ్ఞానయ్య నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"పడిపోయింది ఎడమ చెయ్యి. కాళ్ల దగ్గర నిలబడి చూసినోడికి ఆ చెయ్యి తన కుడిపక్కన కనపడతాది. దెబ్బకి అడ్డం పెట్టి తెగింది బతికున్న చెయ్యి. ఆ కంగారులో ఏ చెయ్యి అడ్డమొచ్చిందో నరికినోడు చూసుకోలేదు. ఆయన పేలిక ఊడదీసుకున్నాడు కాబట్టే గింజుకున్నా దయావతికి తెలీలేదు. నరికినోడు పక్క మీద ఆ పేలిక చూశాడు. మళ్లీ కట్టేస్తే నేరం దయావతి మీదికి పోతాదనుకున్నాడు. నెత్తురు పడ్డాక కట్టాడు, అందుకే చుక్కలు పేలిక కిందున్నాయి. కదలని చేతికి ఏ ఆయా పేలిక కట్టదు, కడితే తను లేచేదెలా? గవరమ్మకీ తెలుసు, మల్లేశుకీ తెలుసు. రెండేళ్లు డబ్బు తీసుకుని, ఏ చెయ్యి పడిపోయిందో తెలీనోడు ఈ ఇంట్లో ఒక్కడే."

మాట పూర్తికాకుండానే కన్నారావు మూలనున్న సెలైన్ స్టాండు లాగి తిప్పి కొట్టాడు. ఆ ఇనుప కడ్డీ యిర్మియా భుజం మీద పడి ఎముక పటుక్కుమంది. రెండో దెబ్బ జ్ఞానయ్య తలకి గురిపెట్టాడు. మల్లేశు అడ్డం దూకి అతన్ని నేలకేసి కొట్టాడు. ఏలీయా లాగేదాకా మళ్లీ మళ్లీ కొడుతూనే ఉన్నాడు. కన్నారావు జీపు సీటు కింద నెత్తురంటిన తెల్ల చొక్కా ఒకటి, శేషయ్య చేతిరాతతో ఉన్న నాలుగు కాగితాలు దొరికాయి. అవి లేబరాఫీసుకివ్వడానికని, దయావతి డ్యూటీ ఎప్పుడు ఎక్కి ఎప్పుడు దిగిందో, ఎన్ని పూటలు తినలేదో రాసిన కాగితాలు. నెత్తురుకి సిరా అలికిపోయి, సగం చదవడానికే లేకుండా ఉన్నాయి.

"నేను మెలకువగా ఉంటే ఆయన బతికేవాడు కదండీ," అంది దయావతి.

"నువ్వు లేస్తే నిన్నూ నరికేవాడు. నీకు నిద్ర లేకుండా చేసినోడు నువ్వు కాదమ్మా," అన్నాడు జ్ఞానయ్య.

ఏలీయా టోపీ తీశాడు. "దీదీ, నీ బయాన్, వాంగ్మూలం కావాలి. కత్తి నువ్వు చూసిందెప్పుడో అక్కడ్నించి చెప్పు."

ఆమె ఆ కాగితాల వైపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ ఇంట్లో చేరాక మొదటిసారి ఆ గదిలో కూర్చుంది.

"కత్తి దగ్గర్నించి కాదు సాబ్. నిన్న తెల్లారగట్ల నుంచి రాసుకోండి."